ఎనిమిదో అంతస్తు ఉయ్యాల

వాలియా కోర్న్, 2 జూన్ 1990

అక్కా,

ముందు నా సంగతి చెప్పేస్తాను, లేకపోతే ఉత్తరం చివరిదాకా ఊపిరి బిగబట్టి చదువుతావు. నేను బాగున్నాను. ఆవు బాగుంది. తేనెటీగలకే కోపం వచ్చింది, ఆ కోపమంతా నా ముక్కు మీద తీర్చుకున్నాయి.

బుధవారం మధ్యాహ్నం భూకంపం వచ్చేసరికి నేను తేనె మీద నురుగు తీస్తున్నాను. నా అరిగిపోయిన చెంచా చేతిలోనే ఉంది. నేలలోపల బరువు బండి పోతున్నట్టు చప్పుడు, ఆ వెంటనే గబగబా ఒక వణుకు. అటక మీద సీసాలు గలగలమన్నాయి. పొగగొట్టం మీది ఇటుక జారి కోళ్ళ మధ్య పడింది. పక్కింటి గావ్రిలా పాలు పితుకుతున్నవాడు లేవనైనా లేవలేదు. తర్వాత అడిగితే, "లేస్తే ఆవు తన్నుద్ది. భూకంపం తన్నలేదుగా" అన్నాడు.

రేడియోలో మళ్ళీ మన వ్రాంచా కొండల పేరే. దేశమంతా మనల్ని తిట్టుకుంటోంది, భూకంపాన్ని మనమేదో దొడ్లో కట్టేసి మేపుతున్నట్టు. అది పుట్టింది మా కాళ్ళ కింద. మాకే ఒక ఇటుకతో సరిపెట్టిందంటే, అన్ని కొండలూ మైదానమూ దాటి బుకారెస్ట్ చేరేసరికి దానికి ఏం ఓపిక మిగులుతుంది? నీ టీ కప్పు కూడా ఒలికి ఉండదు.

గడ్డి కోతలకి రారాదూ? ప్లమ్ చెట్లు విరగకాశాయి.

నీ కొండ తమ్ముడు
ఇలారియే

———

బుకారెస్ట్, 9 జూన్ 1990

ఒరేయ్ ఇలారియే,

నువ్వన్నట్టే టీ కప్పు ఒలకలేదు. ఒలకడానికి కప్పంటూ మిగిలితేగా!

ఎనిమిదో అంతస్తులో ఏం జరిగిందో చెప్తాను, కూర్చుని చదువు. మొదట దీపం కదిలింది. సరేలే అనుకున్నాను. తర్వాత ఇల్లు ఒక పక్కకి ఒరిగింది, నెమ్మదిగా, తాగినవాడు గోడకి ఆనుకున్నట్టు. మళ్ళీ ఇటు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ముందటికన్నా ఎక్కువ ఒరిగింది. దీపం వెళ్ళి పైకప్పుకి కొట్టుకుని పగిలింది. నా అద్దాల బీరువా గోడ దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది. నేను మంచం కోడు పట్టుకుని మేరీమాతని పిలుస్తున్నాను. ఆగిపోయిందనుకున్నాక కూడా ఈ భవనం చాలాసేపు ఊగుతూనే ఉంది.

బీరువాని ఎలాగో పక్కకి నెట్టి, మెట్లు దిగి వీధిలోకి వచ్చానా, గేటు పక్కన పొద్దుతిరుగుడు గింజలమ్మే ఆవిడ తాపీగా కూర్చుని ఉంది. "ఏంటమ్మా సావేతా, అలా తెల్లబోయావ్? కొంచెం కదిలింది, అంతేగా" అంది. మూడో అంతస్తువాళ్ళకి గిన్నెలు పడ్డాయట. పదో అంతస్తు క్లోతీల్దా చేపల తొట్టిలో చేపలున్నాయి కానీ నీళ్ళు లేవు. ఒకే ఇంట్లో ఒకే భూకంపం ఇన్ని రకాలుగా ఎలా వస్తుందో నాకు తెలీదు. నేను పై అంతస్తులో ఉన్నానని నాకు ఎక్కువ వడ్డించినట్టుంది.

బీరువాలో ఉన్న పింగాణీ అంతా పోయింది. నాతో పనిచేసిన నాటకశాల దర్జీలంతా కలిసి నా పెళ్ళికిచ్చిన పెద్ద చెంచాలు మాత్రం భద్రం. పదకొండు. పన్నెండోది ఎక్కడుందో పైనున్న క్లోతీల్దాని అడగాలి. డెబ్బై ఏడు భూకంపంలో పోయిన వాళ్ళ చెల్లెలికి నలభయ్యో రోజు భోజనాలు పెడుతూ నా చెంచాలు అడిగి పట్టుకెళ్ళింది. ఆ నెలలోనే ఒకటి తగ్గింది. మీ బావ తీతు అప్పుడు కూడా, "ఆ చెంచా సంగతి వదిలెయ్, సావేతా" అనేవాడు. ఎప్పుడూ ఆవిడ వైపే మాట్లాడేవాడు. తీతు పోయి ఎనిమిదేళ్ళయినా ఆ కోపం నాకు తగ్గలేదు.

నీ టీ కప్పు మాటకి చాలా నొచ్చుకున్నాను.

పైన బతుకుతున్న అక్క
సావేతా

———

వాలియా కోర్న్, 1 జూలై 1990

అక్కా,

నీ ఉత్తరం గావ్రిలాకి చదివి వినిపించాను. బీరువా నడిచిన చోట రెండోసారి చదవమన్నాడు.

కోప్పడకు గానీ, చిన్నప్పుడు నువ్వు చూసిన తోడేలు గుర్తుందా? ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని పరిగెత్తింది. తీరా చూస్తే గావ్రిలా వాళ్ళ కుక్క, నోట్లో ఎవరిదో చెప్పు. నీ కళ్ళకి అన్నీ కొంచెం పెద్దగా కనిపిస్తాయి. తప్పనడం లేదు. నువ్వు కథ చెప్తుంటే నాన్న పొయ్యి ఆర్పడం కూడా మర్చిపోయేవాడు.

అంత భయంగా ఉంటే ఇక్కడికి వచ్చెయ్. తోట వైపు గది ఖాళీగానే ఉంది. మా ఆవిడ పరస్కీవా పోయాక ఈ ఇంట్లో పొయ్యి మీద మొక్కజొన్న సంకటి తప్ప ఇంకేమీ ఉడకలేదు. నీ చేతి సూప్ తిని ఎన్నాళ్ళయిందో. ముందు గదిలో మాత్రం ఒక ఇంజనీరు పిల్ల అద్దెకి దిగింది, పేరు ఒల్తియా. కొండ మీద నేల కదలికలు రాసే యంత్రం ఉంది కదా, దాన్ని చూసుకోవడానికి వచ్చింది. నా మేక కన్నా నెమ్మదస్తురాలు.

వస్తావా?

ఇలారియే

———

బుకారెస్ట్, 11 నవంబరు 1990

ఇలారియే,

నాలుగు నెలలు జవాబు రాయలేదు, కావాలనే. వంటమనిషి కావలిస్తే ఊళ్ళోనే వెతుక్కో, విధవరాళ్ళకి కొదవేం లేదు. అయినా నన్ను రమ్మంటున్నది ఎక్కడికి? భూకంపం పుట్టింటికి! ఇక్కడ దాని తోక తగిలితేనే నా పింగాణీ పోయింది. అక్కడికొచ్చి దాని నోట్లో కూర్చోమంటావా?

అదలా ఉంచు. ఇవాళ రాస్తున్నది సంతోషంతో. మా కింద అంతస్తు హాలు మళ్ళీ తెరుస్తున్నారు.

నీకు హాలు గుర్తుండాలి. నువ్వు డెబ్బై ఏడు వసంతంలో పళ్ళు చూపించుకోవడానికి వచ్చి మా ఇంట్లో వారం రోజులున్నావు కదా, అప్పుడే దాన్ని మూశారు. పళ్ళు నొప్పన్నవాడివి రోజూ రెండు గిన్నెల సూప్, అరరొట్టె లాగించేవాడివి. ఏం వైద్యమో అది.

కానీ నువ్వు చూసింది చివరి రోజులు. నలభై ఆరు చలికాలంలో చూడాల్సింది. వీధి వైపు మిఠాయి దుకాణం, దాని వెనక ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒకటే హాలు. మధ్యలో గోడన్నదే లేదు, నాలుగు స్తంభాలు, వాటికి నిలువుటద్దాలు. నేల మీద ఓక్ చెక్కలు. వాయిద్యాలవాళ్ళు కూర్చునే అరుగు. కరువు రోజులు, కాఫీ అని వేయించిన బార్లీ పోసేవాళ్ళు, అయినా శనివారం సాయంత్రం నిలబడడానికి చోటుండేది కాదు. నేను నాటకశాలలో కుట్టగా మిగిలిన ముఖమల్ ముక్కలతో గౌను కుట్టుకుని వెళ్ళాను. బూటు అడుగున అట్టముక్క పెట్టుకున్న ఒక పొడుగు కుర్రాడు వచ్చి, "నాకు నాట్యం రాదు, కానీ లెక్క తప్పను" అన్నాడు. లెక్క తప్పకుండా నా కాలు తొక్కాడు. ఆ అద్దాల్లో మేమిద్దరం నలుగురమై, ఎనిమిది మందిమై కనిపించాం. పెళ్ళయ్యాక ఇల్లు కావాలంటే ఈ భవనంలోనే కావాలని పట్టుబట్టింది నేనే.

అలాంటి హాలుని పైనుంచి ఆజ్ఞ వచ్చిందంటూ మీ బావే దగ్గరుండి గోడలు కట్టించి మూసేశాడు. గోదాం కావాలన్నారట. ఆయన కట్టుబడి మేస్త్రి, చెప్పిన పని చెయ్యాలి, అర్థం చేసుకున్నాను. కానీ ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. మనం కలిసిన చోటు కదా అంటే, "చెక్కలే కదా" అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు పాందెలే అని ఒకాయన కింద అంతస్తంతా తీసుకుని మళ్ళీ మిఠాయి దుకాణం పెడుతున్నాడు. ఆ గోడలు కొట్టించి హాలు మునుపటిలా చేస్తాడట. శనివారాలు సంగీతం. పైగా చెడిపోయిన లిఫ్ట్ కూడా బాగుచేయిస్తానన్నాడు. అన్ని ఇళ్ళవాళ్ళూ సంతకం పెట్టాలి, ఒక్కరు కాదన్నా పని జరగదు. నేనింకా పెట్టలేదు, పుట్టినరోజు కానుకలా దాచుకున్నాను. ఆ హాల్లోకి ఒక్కసారి మళ్ళీ నడిచి వెళ్తే చాలురా నాకు.

సావేతా

———

వాలియా కోర్న్, 6 జనవరి 1991

అక్కా,

మంచు వల్ల టపా ఆలస్యంగా అందింది. పాదిరిగారు తీర్థం చల్లడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉండగా నీ ఉత్తరం చదివాను, ఆయన్ని లోపలికి రమ్మనడం కూడా మర్చిపోయాను.

సంతకం పెట్టకు. ఎందుకని అడగకు. ఆ గోడలు అలాగే ఉండనీ. హాలూ వద్దు, సంగీతమూ వద్దు. ఈ ఒక్కసారి నా మాట విను.

ఇలారియే

———

బుకారెస్ట్, 20 జనవరి 1991

అయ్యా ఇలారియేగారికి,

మీ ఆజ్ఞ అందింది. ఈ వయసులో నాకు ఆజ్ఞలిచ్చేవాళ్ళు ఎవరూ లేరనుకున్నాను, తమరున్నారని గుర్తు చేసినందుకు సంతోషం.

నాలుగు ముక్కలు రాసి, మిగతా ఉత్తరమంతా ఎక్కడ దాచావురా? ఎందుకని అడగకూడదా? నాకు తెలుసు ఎందుకో. లిఫ్ట్ బాగైతే, కింద నాలుగు మాటలు మాట్లాడే చోటు ఏర్పడితే, అక్క ఇక కొండకి రాదు. వచ్చి నీ పొయ్యి ముట్టించదు. నేను నడుం పట్టుకుని ఎనిమిది అంతస్తులు ఎక్కుతుండాలి, ఎప్పుడో ఒకరోజు నా వల్ల కాదని నీ గుమ్మంలో కూలబడాలి. అదే కదా నీకు కావలసింది?

నీ ఉత్తరం మడిచి సొరుగులో పెట్టి, తిన్నగా భవనం పెద్ద సబిన్ గారింటికి వెళ్ళి సంతకం పెట్టేశాను. ఈస్టర్ వారం దాటగానే గోడలు కొడతారు. ఆయన, "నీ సంతకం కోసమే ఆగింది, సావేతా! శుభమా అని పెట్టావ్" అన్నాడు.

ఇక నువ్వు రాయనక్కర్లేదు.

స.

———

వాలియా కోర్న్, 3 మార్చి 1991

అక్కా,

రాయొద్దన్నా రాస్తున్నాను. పార్సిల్లో వసంతం వచ్చిందని కట్టుకునే మార్చి ఎర్రతెల్ల దారం పెట్టాను, ఏటా పంపేదే, నామీద కోపం ఉన్నా మణికట్టుకి కట్టుకో. దాంతోపాటు ఒక చెక్క, దాని మీద పాతిన మూడు బెత్తాలు ఉంటాయి, ఒకటి పొట్టిది, ఒకటి నడిమిది, ఒకటి నీ చెయ్యంత పొడుగుది. ఒక్కోదాని కొసకి ఒక యాపిల్ గుచ్చు. నాకు పిచ్చెక్కిందనుకోకు. ముందు ఇది చదువు.

నువ్వు బీరువా గురించి అబద్ధం చెప్పలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఒల్తియా కావలసి వచ్చింది. నీ ఉత్తరం గురించి నవ్వుతూ చెప్తే ఆ పిల్ల నవ్వలేదు. "తాతా, మీరిద్దరూ చెప్పింది నిజమే" అంది. అని నన్ను ఈస్టర్ ఉయ్యాల గురించి అడిగింది.

మన ఉయ్యాలలు గుర్తున్నాయా? ఈస్టరుకి నాన్న రెండు వేసేవాడు, పిల్లలకి పొట్టిది, పెద్దవాళ్ళకి పొడుగు తాళ్ళది. నువ్వు పొడుగుదాని మీద నిలబడి జడలు విప్పుకుని ఊగేదానివి. నేను కింద నిలబడి గబగబా తోసేవాణ్ణి, చేతులు పడిపోయేవి గానీ ఉయ్యాల కదిలేది కాదు. నాన్న వచ్చి నన్ను పక్కకి జరిపి ఒక్కసారి తోసి ఆగేవాడు. అది వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళబోయేటప్పుడు ఇంకొకటి, వేళ్ళతోనే. నాలుగు తోపులకి నువ్వు చర్చి గోడ అవతలున్న సమాధులు కనిపిస్తున్నాయని అరిచేదానివి. పొట్టి ఉయ్యాలని అంత నెమ్మదిగా తోస్తే అది ఊగేదే కాదు, దానికి గబగబా తోపులు కావాలి.

ఒల్తియా చెప్పిందేమంటే, భూకంపంలో గబగబా తోపులూ ఉంటాయి, నెమ్మది తోపులూ ఉంటాయి. గబగబావి దారిలోనే అలసిపోతాయి. నెమ్మదివి మైదానం దాకా వస్తాయి. మీ ఊరు కింద లోతుగా మెత్తటి మట్టి, అందులో పడి అవి ఇంకా బలుస్తాయి. నా ఇల్లు పొట్టి ఉయ్యాల. మీ పదంతస్తుల మేడ పొడుగు ఉయ్యాల, ఆ నెమ్మది తోపు సరిగ్గా దానికి సరిపోయేది. అందుకే ప్రతిసారీ ముందటికన్నా ఎక్కువ ఒరిగింది. నేలకన్నా నీ గది ఎన్నో రెట్లు ఊగింది. గింజలావిడ నేల మీద కూర్చుంది, నువ్వు ఉయ్యాల చివర నిలబడ్డావు. నేను నిన్ను ఎగతాళి చేశాను, మన్నించు.

ఇప్పుడు ఆ చెక్కని బల్ల మీద పెట్టి గబగబా కుదుపు. పొట్టి బెత్తం తెగ ఊగుతుంది. నెమ్మదిగా ఇటూ అటూ జరుపు, పొట్టిది ఊరుకుంటుంది, పొడుగుది వంగి వంగి నీ మీదకి వస్తుంది. చూశాక పొడుగుదాని అడుగున కత్తితో కొంచెం చెక్కి, మళ్ళీ నెమ్మదిగా ఊపు. ఎక్కడ విరుగుతుందో చూడు.

నేను ఎందుకని అడగకు అన్నది తీతు బావకి మాటిచ్చాను కాబట్టి. పద్నాలుగేళ్ళు ఆపుకున్నాను. బావ ఉండుంటే ఇప్పుడు ఆయనే చెప్పేవాడని నమ్మి చెప్తున్నాను.

ఆ వసంతంలో నాకు పంటి నొప్పి లేదక్కా. బావ ఉత్తరం రాసి పిలిపించాడు. అప్పటి భూకంపానికి మీ కింద అంతస్తు స్తంభాలు చీలాయి. అధికారులొచ్చి పైన సిమెంటు పూయించి, బాగైపోయిందని కాగితం రాసిచ్చి వెళ్ళారు. బావ రాత్రీ పగలూ శిథిలాలు తీసే పనిలో ఉన్నాడు కదా, ఎలాంటి ఇళ్ళు కూలాయో కళ్ళారా చూశాడు. కింద ఖాళీగా హాలు, పైన బరువంతా. మీది కూడా అలాంటిదే. గట్టిచెయ్యాలని అడిగితే వాళ్ళు ఆ కాగితం చూపించారు. అప్పుడాయన వెళ్ళి, హాలు వృథాగా ఉంది, అడ్డగోడలు కడితే మంచి గోదామవుతుంది అని వాళ్ళకి ఆశ పెట్టాడు. వెంటనే ఒప్పుకున్నారు. పైనుంచి ఆజ్ఞ రాలేదక్కా. బావే అడుక్కుని తెచ్చుకున్నాడు.

డ్యూటీ అయ్యాక ఆయన కట్టేవాడు, నేను ఇటుకలు మోసేవాణ్ణి. స్తంభానికీ స్తంభానికీ మధ్య, లోపల ఇనుప చువ్వలు పెట్టి. అందుకే రెండు గిన్నెల సూప్. చివరి వరుస పెట్టేటప్పుడు అద్దాల వైపు చూస్తూ, "ఇక్కడే దాని కాలు తొక్కానురా" అన్నాడు. అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "సావేతాకి చెప్పకు. ఇల్లు బలహీనంగా ఉందని తెలిస్తే అది ఇక నిద్రపోదు. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ" అన్నాడు. నువ్వు తిట్టావు కూడా.

ఒల్తియా గోడల సంగతంతా వింది. పోయిన ఏడాది మీ భవనం నిలబడడానికి అవే కారణమై ఉండొచ్చు, వాటితో పని పూర్తికాలేదు, భవనమంతా గట్టిపరచాలి, కానీ ఉన్నవి కొడితే మాత్రం అడుగున చెక్కిన బెత్తమే అంది.

నువ్వు ఇక్కడికి రాకపోయినా ఫర్వాలేదు. పొయ్యి నేనే ముట్టించుకుంటాను. ఆ సంతకం వెనక్కి తీసుకో అక్కా, నాకు నువ్వొక్కదానివే ఉన్నావు.

ఇలారియే

———

బుకారెస్ట్, 10 ఏప్రిల్ 1991

తమ్ముడూ, క్రీస్తు లేచాడు!

నీ ఉత్తరం అందాక నెల రోజులు నాకు చెయ్యి ఆడలేదు. మొదట మీ ఇద్దరి మీదా కోపం వచ్చింది. నన్ను పసిపిల్లని చేసి ఆడించారు. తర్వాత బెత్తాలకి యాపిల్స్ గుచ్చి వంటింటి బల్ల మీద ఊపాను. పొడుగుది వంగి వచ్చి నా గుండెకి తగిలింది. అడుగున చెక్కాక ఎక్కడ విరిగిందో నీకు రాయనక్కర్లేదు. యాపిల్ దొర్లుకుంటూ పోయి బీరువా కింద చేరింది, ఇంకా తీయలేదు.

అయినా నాకు నమ్మకం చాల్లేదు. నన్ను నీకు తెలుసుగా. ఈస్టరుకి ముందు పెద్ద శుక్రవారం నాడు పాందెలేని అడిగి, పెరటి వైపు తాళం తీయించుకుని హాలు వెనక సగంలోకి వెళ్ళాను. గోదాం చేశాక ఇటువైపు నుంచి ఎవరూ చూసి ఉండరు, అంతా ఖాళీ పెట్టెలు. అద్దాలు మసిబారిపోయాయి. వాయిద్యాల అరుగు అలాగే ఉంది. ఓక్ చెక్కలు చెక్కుచెదరలేదు. కిటికీలోంచి వెలుగు తిన్నగా ఆ గోడ మీద పడుతోంది.

ఇలారియే, ఎవరూ చూడని గోడని ఎవడైనా అలా కడతాడా? ఒక్క ఇటుక వంకర లేదు. ఇటుకల మధ్య సందులన్నీ సిమెంటు నొక్కి, నున్నగా, గుండ్రంగా లోపలికి దిద్ది ఉన్నాయి, కాలువలు తీసినట్టు. వేలు పెట్టి ఒక గీత వెంబడి పోయాను. ఈ గుండ్రం నాకు ఎక్కడో తెలుసనిపించింది. ఎక్కడో తట్టలేదు. తట్టగానే మెట్ల వైపు నడిచాను.

లిఫ్ట్ లేదుగా, ఎనిమిది అంతస్తులూ ఎక్కాను. సొరుగులోంచి పెద్ద చెంచా ఒకటి తీసుకుని మళ్ళీ దిగాను. పాందెలే, "ఏమ్మా, ఉపవాసం నాడు సూప్ ఏంటి?" అన్నాడు. చెంచా వెనక వైపు ఆ సందులో పెట్టాను. కొలిచి చేయించినట్టు సరిపోయింది. గోడ ఈ చివర నుంచి ఆ చివరదాకా గీయించి చూశాను, ఎక్కడా అడ్డు తగల్లేదు. పైకి అందినంత మేరా అంతే.

"ఆ చెంచా సంగతి వదిలెయ్, సావేతా" అనేవాడు. పన్నెండోది మీ బావే తీసుకెళ్ళాడని తెలీక, పద్నాలుగేళ్ళు నేను క్లోతీల్దా ముఖం సరిగ్గా చూడలేదు.

ఆ గోడకి నుదురు ఆనించి ఏడ్చాను. పాందెలే పాపం కుర్చీ తెచ్చి వేసి బయటికి వెళ్ళిపోయాడు. ఏడుపయ్యాక అరుగు ముందు చెక్కల మీద ఒక చుట్టు తిరిగాను, చెంచా చేతిలో పట్టుకునే. సగం హాలే కాబట్టి తొందరగా గోడ వచ్చేసేది. వచ్చినప్పుడల్లా దాన్ని ముట్టుకుని వెనక్కి తిరిగాను. "చెక్కలే కదా" అన్నవాడి మీద నా కోపమంతా అక్కడే వదిలేశాను.

నిన్న మెట్ల దగ్గర మీటింగు పెట్టించాను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానంటే పెద్ద గోల. సబిన్ గారు కాగితం తెచ్చి, "ఇది చూడమ్మా, బాగుచేసినట్టు ముద్ర ఉంది" అన్నాడు. "మా ఆయన కట్టిన గోడ కూడా ఉంది, అది కూడా చూడండి" అన్నాను. నాలుగో అంతస్తు ఆయన, "నీ పాత ప్రేమ కోసం మేమంతా మెట్లెక్కి చావాలా?" అన్నాడు. అప్పుడు నీ చెక్క తీసి బెత్తాలు ఊపించాను, విరిగినదాని బదులు చీపురు పుల్ల పాతాను. గోల చేసినవాళ్ళే వంగి చూశారు. అందరూ పోయిన మే నెల భూకంపంలో ఊగినవాళ్ళే కదా. అడుగున చెక్కి ఊపితే ఆ పుల్ల కూడా అక్కడే విరిగింది.

క్లోతీల్దా ముందుకొచ్చి, "నా సంతకం కూడా కొట్టెయ్యండి. మా చెల్లెలు పోయిన ఇంట్లో కూడా కింద హాలే ఉండేది" అంది. అందరి ముందే ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "దేనికే?" అంది. చెంచాకి అన్నాను. "ఏ చెంచా?" అంది. పద్నాలుగేళ్ళ నా పగ ఆవిడకి తెలియనే తెలియదు.

గోడలు కొట్టరు. పాందెలే ముందు సగంలోనే దుకాణం పెట్టుకుంటాడు. లిఫ్ట్ ఆశ పోయింది, కొందరు నాతో మాట్లాడడం మానేశారు. భవనమంతా గట్టిపరచమని అర్జీ రాశాం, మాట్లాడనివాళ్ళు కూడా దానిమీద సంతకం పెట్టారు. ఎప్పటికవుతుందో దేవుడికే తెలియాలి. అప్పటిదాకా నేను ఎనిమిదో అంతస్తులోనే ఉంటాను. నిద్ర పట్టదేమోనని మీ బావ భయపడ్డాడు కదా, గోడ చూసిన రాత్రి బాగా పట్టింది.

నా మీద కోపం లేకపోతే పొడుగు ఉయ్యాల విప్పకుండా ఉంచు. మే నెలలో వస్తాను. వంటకి కాదు.

ఎర్రతెల్ల దారం ఇంకా కట్టుకునే ఉన్న
నీ అక్క

———

వాలియా కోర్న్, 21 ఏప్రిల్ 1991

నిజంగానే లేచాడు అక్కా!

నీ ఉత్తరం చదివి లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. తర్వాత తేనెపెట్టెల దగ్గరికి పరిగెత్తాను, ఒల్తియా నన్ను ఈగలు తరుముతున్నాయనుకుంది.

గోడ పూర్తయిన రోజు బావ నా జేబులో ఒక చెంచా కుక్కాడు, సిమెంటు పట్టి, ఒక పక్కకి అరిగిపోయి. "ఇది ఊరికి పట్టుకుపో. సొరుగులో పెడితే సావేతా ఎలా అరిగిందని అడుగుతుంది, దానికి నేను అబద్ధం చెప్పలేను" అన్నాడు. అది నీ పెళ్ళి చెంచా అని నాకేం తెలుసు? ఇంట్లో అరిగిన చెంచాలు అందరికీ ఉంటాయి. పద్నాలుగేళ్ళుగా దాంతోనే తేనె నురుగు తీస్తున్నాను, ఈగలకి పాకం పోస్తున్నాను. కిందటి భూకంపం వచ్చినప్పుడు కూడా అది నా చేతిలోనే ఉంది.

బూడిదతో రుద్ది తోమాను. పిడి మీద నాటకశాల గుర్తు ఇప్పుడు కనిపిస్తోంది. టపాలో పంపను, నువ్వే వచ్చి తీసుకో.

ఉయ్యాల విప్పలేదు. తాళ్ళు కొత్తవి వేశాను, గావ్రిలా ఊగి చూసి భేషుగ్గా ఉందన్నాడు. సూప్ నేనే వండుతాను, బాగుండదు, అయినా తినాలి. నీ గిన్నె పక్కన ఆ చెంచా పెట్టి ఉంచాను. భోజనం అయ్యాక నువ్వు ఉయ్యాలెక్కు, నేను తోస్తాను. ఈసారి ఎప్పుడు తొయ్యాలో నాకు తెలుసు.

నీ తమ్ముడు
ఇలారియే